రద్దు చేసుకునే సౌకర్యం కలదు

ఈ కాలం పిల్లలకి కొండలన్నా, ఎడారి రోడ్లన్నా భయం లేదు. రాత్రికి గది దొరకదేమోనన్న బెంగ మాత్రం వాళ్ళ ప్రాణం తోడేస్తుంది. అక్టోబరులో చూడబోయే లోయ కోసం జనవరిలో గది తీసుకుంటారు, ఫిబ్రవరిలో కారు మాట్లాడతారు, మార్చి వచ్చేసరికి సూర్యోదయం కూడా ఖాయం చేసుకుంటారు. సూర్యోదయం అని ఎగతాళికి అనడం లేదు. హవాయిలో హలెయకలా కొండ మీద పొద్దుపొడుపు చూడాలంటే ముందుగా రిజర్వేషను చేయించుకోవాలని 2017లో రూలు పెట్టారు. దానికో డాలరు రుసుము. మా రోజుల్లో సూర్యుడు తన డ్యూటీకి తను వచ్చేవాడు. లేచినవాడు చూసేవాడు, లేవనివాడికి కాఫీ దగ్గర చెప్పేవాళ్ళం.

ఈ గొణుగుడంతా ఎందుకంటే, మా హనుమకొండ బావా చెల్లెమ్మా ఈ అక్టోబరులో అమెరికా వస్తున్నారు. చుట్టరికం బావ కాదు లెండి. డెబ్బైల్లో క్లీవ్‌లాండులో ఒకే భవనంలో పైవాటాలో వాళ్ళు, కిందవాటాలో మేము ఉండేవాళ్ళం. మాది తణుకు. నా ‘ఆయ్’ విని ఆయన నవ్వేవాడు, ఆయన ‘గట్లనే’ విని నేను నవ్వేవాణ్ణి. ఆయన బావా అన్నాడు, నేనూ అన్నాను, అది అలా ఉండిపోయింది. ఎనభైల్లో ఆయన సామాను సర్దుకుని సొంతూరు చేరాడు, నేను ఇక్కడే పడి ఉన్నాను. ఇప్పుడు వాళ్ళమ్మాయి టెక్సాసులో, ఫ్రిస్కోలో కాపురం. కూతురి దగ్గరికి వస్తున్నారు కాబట్టి, కాళ్ళూ కళ్ళూ పనిచేస్తుండగానే నలుగురం కలిసి మళ్ళీ ఒకసారి పడమటి ఎడారులు చుట్టివద్దామని అనుకున్నాం. లాస్ వేగాస్‌లో దిగడం, కారు అద్దెకి తీసుకోవడం, జయాన్, బ్రైస్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చూడటం. ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ ఆగడం. ఫోనులో రెండు నిమిషాల్లో తేలిపోయిన సంగతి ఇది.

అమ్మాయి విన్నది. “మీరు టెన్షన్ పడకండి మామయ్యా, నేను ప్లాన్ చేస్తాను, ఫ్లెక్సిబుల్‌గానే పెడతాను” అంది. వారం తిరక్కుండా ఎక్సెల్ షీటు వచ్చింది.

ఆ షీటుని వర్ణించడం నా వల్ల కాదుగానీ, ప్రయత్నిస్తాను. తారీఖుకో వరస. వరసకి పొద్దున బయల్దేరే టైము, మైళ్ళు, డ్రైవింగు గంటలు, మధ్యలో బాత్‌రూములు ఎక్కడున్నాయి, మధ్యాహ్నం తిండి, శాకాహారం దొరుకుతుందా లేదా, రాత్రికి హోటలు, ఆ హోటలు కాకపోతే ఇంకో హోటలు, ఒక్కోదాన్ని ఏ రోజు ఏ గంటలోపు రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఒకే రాత్రికి రెండేసి ఊళ్ళలో గదులున్నాయి. పేజీ అనే ఊళ్ళోనూ ఉన్నాం, కనాబులోనూ ఉన్నాం. ఎందుకమ్మా అంటే, “మీకు ఆ రోజు ఎటు వెళ్ళాలనిపిస్తే అటు వెళ్ళచ్చు, రెండోది క్యాన్సిల్ చేసేద్దాం” అంది. పాపం తన లెక్కలో మా స్వేచ్ఛ కోసమే అదంతా. కానీ అందరూ ఇదే తెలివితేటలతో తలా రెండు గదులు పట్టుకు కూర్చుంటే, నిజంగా ఆ రాత్రికి దారిన వచ్చినవాడికి ఊరంతా నిండిపోయినట్టు కనిపిస్తుంది. తీరా గడువు దగ్గరపడగానే గాలివానకి మామిడికాయలు రాలినట్టు గదులన్నీ ఒక్కసారి రాలతాయట. వాటిని ఏరుకోవడానికి కూడా ఫోనులో అలారం పెట్టుకుంటారట.

మేం నలుగురం ఇదివరకు పడమటికి వెళ్ళింది 1978 వేసవిలో. ప్లాను వేసింది ఒకే ఒక్క సాయంత్రం, మా వంటింటి నేల మీద. రాండ్ మెక్‌నాలీ అట్లాసు పరిచి నేనూ బావా బోర్లా పడుకున్నాం. ఆడవాళ్ళిద్దరూ పైనుంచి మా చేతుల మీదుగా తొంగిచూస్తూ ఉప్మా తిన్నారు. ఆ కంపెనీ 1924 నుంచీ ఆ అట్లాసులు వేస్తోంది. నీలం గీతలు ఇంటర్‌స్టేట్లు, ఎర్ర గీతలు మామూలు రోడ్లు, చుక్కల గీతలు అందం ఉన్న రోడ్లు. సరి అంకెలవి తూర్పు పడమరలు, బేసి అంకెలవి ఉత్తర దక్షిణాలు. ఈ ఒక్క ముక్క తెలిస్తే అమెరికాలో ఎవడూ తప్పిపోడు. ట్రిపుల్ ఏ అనే వాహనదారుల క్లబ్బులో సభ్యత్వం ఉంటే ‘ట్రిప్‌టిక్’ అని స్పైరల్ బైండింగుతో సన్నపాటి పుస్తకం ఇచ్చేవాళ్ళు. అక్కడ కూర్చున్నావిడ మన దారి పొడుగునా రంగు పెన్నుతో గీత గీసి, రోడ్డు పని జరుగుతున్నచోట ముద్ర కొట్టేది. ఒక పేజీ అయిపోగానే తిప్పాలి. తిప్పే ఉద్యోగం ముందు సీట్లో కూర్చున్నవాళ్ళది. మా బావ ఆ ఉద్యోగంలో నిద్రపోయి ఇండియానా రాష్ట్రం మొత్తాన్ని తిప్పకుండానే దాటించాడు. రోడ్డు తిన్నగా ఉంది కాబట్టి బతికిపోయాం.

ఎంత దూరం, ఎన్ని రోజులు, ఏ దిక్కు: ఈ మూడే తేల్చుకున్నాం. “రాత్రికి ఎక్కడ పడుకుంటామండీ మనం?” అని మా ఆవిడ అడిగితే బావ, “ఏడనో ఓ తాన దొరుకుతది చెల్లె, ఫికర్ జెయ్యకు” అన్నాడు. అంతే మా రిజర్వేషను.

బండి నాది, స్టేషన్ వ్యాగను. పక్కలకి చెక్క రంగు రేకు అతికించిన ఓడ. ముందు కూడా బెంచీ సీటే. పెట్రోలు గ్యాలను 65 సెంట్ల దరిదాపుల్లో ఉండేది. మరుసటి ఏడే ఇరాన్ గొడవతో బంకుల దగ్గర బారులు తీరారు, కొన్ని రాష్ట్రాల్లో నంబరు ప్లేటు సరి సంఖ్యా బేసి సంఖ్యా చూసి పోశారు. అదృష్టం కొద్దీ మేం ముందే తిరిగొచ్చాం. 1974 నుంచీ దేశమంతటా గంటకి 55 మైళ్ళు దాటకూడదని చట్టం. ఖాళీ ఎడారిలో, కనుచూపు మేరలో నరమానవుడు లేని రోడ్డు మీద 55లో పోవడమంటే ఎద్దుబండే నయం. అయితే ఆ నిదానంలో ఒక సుఖం ఉంది. పక్కన బోర్డు కనబడితే చదవడానికీ, చదివి వాదించుకోవడానికీ, వాదన తేలేలోపు బ్రేకు వేయడానికీ టైము ఉండేది. ఇప్పుడు యూటాలో కొన్నిచోట్ల 80 వేగానికి అనుమతి ఉంది. ఫోనులో అమ్మగారు “ఇంకా 94 మైళ్ళు తిన్నగా పొండి” అంటుంది. ఇక బోర్డులు ఎవడు చదువుతాడు?

తిండి సంగతి ఆడవాళ్ళు చూసుకున్నారు. మాకు అప్పటికే పిట్స్‌బర్గ్ అలవాటుండటం మేలు చేసింది. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి డెబ్బైల నడిమి ఏళ్ళలో వెలిసింది. ఒహాయో, మిషిగన్ తెలుగువాళ్ళందరికీ అదే తిరుపతి. శనివారం తెల్లారగట్ల పులిహోర కట్టుకుని బయల్దేరడం, దర్శనం చేసుకుని రాత్రికి ఇల్లు చేరడం. అలా కారులో తిండి మోయడం అందరికీ చేతికొచ్చేసింది. పడమటికి వెళ్ళినప్పుడూ అంతే. మొదటి రెండు రోజులు పులిహోర, తరువాత రైస్ కుక్కరు, ఆవకాయ, మోటెల్ ఐసు మిషను నుంచి నింపుకున్న ఐసు పెట్టెలో పెరుగు. మోటెల్ గదిలో కుక్కరు పెట్టామంటే కిటికీ తెరిచి, తలుపు కింద తువ్వాలు కుక్కేవాళ్ళం, పోపు వాసన పక్క గదికి పోకుండా. తోడు పెట్టిన గిన్నెని కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టడం చెల్లెమ్మ కనిపెట్టిన విద్య. అరిజోనా ఎండలో మూడు గంటల్లో గడ్డ పెరుగు. షీటులో ఇప్పుడు ‘ఇండియన్ రెస్టారెంట్’ అని ఒక గడి ఉంది, నాలుగున్నర నక్షత్రాలట.

క్షేమంగా చేరామని ఊరికి చెప్పడానికీ ఒక కిటుకు ఉండేది. క్లీవ్‌లాండులో మా మిత్రుడి ఇంటికి ఆపరేటరు ద్వారా ‘ఫలానా మనిషితోనే మాట్లాడాలి’ అని కాల్ పెట్టేవాళ్ళం. ఆ మనిషి ఇంట్లో లేకపోతే చార్జీ పడదు. మేమడిగే మనిషి భూమ్మీదే లేడు. ‘డెన్వర్రాజు గారున్నారా’ అంటే డెన్వరు చేరినట్టు. లేరండీ అని వాళ్ళు పెట్టేసేవాళ్ళు. ఫోను కంపెనీ మీద తెలుగుజాతి సాధించిన విజయాల్లో ఇదొకటి. ఇప్పుడు మా కారు ఏ మలుపులో ఉందో ఫ్రిస్కోలో కూర్చున్న అమ్మాయికి చుక్కలా కనబడుతుందట. “ఎక్కడైనా ఎక్కువసేపు ఆగితే నేనే ఫోన్ చేస్తాను మామయ్యా” అంది. ఆ వయసులో మేం తప్పించుకు తిరిగింది పెద్దవాళ్ళ నుంచి. ఈ వయసులో పిల్లల నుంచి.

డెన్వరు దాటాక రాకీ పర్వతాల్లో ఐసెన్‌హోవర్ సొరంగం. 11,000 అడుగుల పైచిలుకు ఎత్తులో, అప్పటికి ఒకటే గొట్టం. రెండోది 1979 చివర్లో తెరిచారు. ఎదురు బండ్లు అదే గొట్టంలో మన మొహం మీదికి వస్తుంటే మా ఆవిడ ఆంజనేయ దండకం మొదలుపెట్టింది, సొరంగం అయిపోయినా దండకం ఆగలేదు. అక్కణ్ణించి యూటాలో దిగి, ఆర్చెస్ చూసి, మాన్యుమెంట్ వ్యాలీకి పోయాం. ఆ ఎర్రటి ఒంటి స్తంభాల మధ్య నిలబడి బావ చేతులు నడుం మీద పెట్టుకుని, “కృష్ణ గుర్రం మీద వస్తె ఎట్లుంటుండె!” అన్నాడు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసిన తరం మాది. కౌబాయ్ టోపీ మొదట తెలుగులోనే చూశాం. ఆ సినిమా తీసింది రాజస్థాన్ ఎడారుల్లోనని నేనంటే, “ఎడారి ఎడారే బావా” అన్నాడు.

అప్పుడే వాడికి ‘మెకన్నాస్ గోల్డ్’ గుర్తొచ్చింది. 1969 నాటి ఆ సినిమాని మన ఊళ్ళలో జనం తిరునాళ్ళకి పోయినట్టు పోయి చూశారు. బంగారం దారి చూపించడానికి నీడ పరిచే ఎత్తైన రాతి స్తంభం ఒకటుంటుందే, అది అక్కడెక్కడో దగ్గర్లోనే ఉందన్నాడు. పెట్రోలు బంకులో అడిగితే నవాహో పెద్దాయన ఒకాయన చెయ్యి చాచి దక్షిణం చూపించాడు. కాన్యన్ డి షే అనే లోయ, స్పైడర్ రాక్ అనే స్తంభం, గంటన్నర రెండు గంటల దారి. మా దారిలో లేదు. ఆ సాయంత్రానికి గ్రాండ్ కాన్యన్ చేరాలని అనుకున్నాం. అనుకున్నామంతే, ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ డబ్బు కట్టలేదు. నలుగురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. చెల్లెమ్మ మాత్రం “బంగారం దొరికితె సగం నాది” అంది. బండి తిప్పాం.

ఆ లోయ అంచున ఒక్కళ్ళు లేరు. అడుగున ఎక్కడో మొక్కజొన్న చేలు, గొర్రెల మంద. నవాహో కుటుంబాలు ఇప్పటికీ ఆ లోయలో కాపురాలుంటాయి, సేద్యం చేస్తాయి. నడిమధ్యన 700 అడుగులకి పైన నిటారుగా లేచిన జంట స్తంభం. పొద్దు వాలుతుంటే దాని నీడ గోడ మీదికి పాకింది. బావ నిజంగానే ఆ నీడ కొస ఎక్కడ పడుతుందో చూశాడు. ఈనాటి షీటులో ఆ ఊసే లేదు. ఎందుకు పెట్టలేదమ్మా అంటే, “అది టాప్ టెన్‌లో రావట్లేదు మామయ్యా, రూటుకి పక్కన ఉంది” అంది. నలభై ఏళ్ళపాటు మేం నలుగురం కలిసి చెప్పుకున్న ఒకే ఒక్క జాగా పది మందికి నచ్చిన పదింటిలో లేదు కాబట్టి పక్కన పడింది.

రాత్రికి గది? దొరకలేదు. నిజమే చెబుతున్నా, మా రోజుల్లో అంతా పాలూ తేనే కాదు. ‘వేకెన్సీ’ అని ఎర్ర దీపం వెలుగుతున్నచోట ఆగి లోపలికి వెళితే, మా మొహాలు చూశాక గదులు లేవన్నవాళ్ళు ఉన్నారు. మేం బయటికొచ్చి కారెక్కేదాకా కూడా ఆ దీపం ఆరలేదు. తరువాతి కాలంలో అయితే ‘అమెరికన్ల యాజమాన్యం’ అని బోర్డులు కట్టినవాళ్ళూ వచ్చారు. అది ఎవర్ని ఉద్దేశించో అందరికీ తెలుసు: గుజరాతీ పటేళ్ళని. గ్యాలప్ ఊళ్ళో, 66వ నంబరు రోడ్డు పక్కన, రాత్రి పదకొండు గంటలకి తలుపు తీసింది ఒక పటేల్ గారే. మా వాలకం చూసి గది తాళంతో పాటు కిచిడీ గిన్నె కూడా తెచ్చిచ్చాడు. రాత్రంతా గూడ్సు రైళ్ళు తలకింద నుంచి పోయినట్టు మోగాయి. ఈ పటేళ్ళ లాంటి మనవాళ్ళ హోటలు యజమానుల సంఘం 1989లో పుట్టింది. ఇవాళ అమెరికాలో ఉన్న హోటళ్ళలో సగానికి పైగా తమవాళ్ళవేనని చెబుతోంది. 1962లో శాంటా బార్బరాలో రాత్రికి 6 డాలర్లని పేరులోనే రేటు పెట్టుకుని పుట్టిన ‘మోటెల్ 6’ని కూడా 2024లో మన ఓయో కొనేసింది, 52 కోట్ల 50 లక్షల డాలర్లకి. ఓయో గదిలో దిగుతున్నామని హనుమకొండలో చెప్పడానికి మాత్రం ఈ వయసులో బావకి మొహమాటంగా ఉందట.

గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచుకి వెళ్ళాం ఆ యాత్రలో. పక్షికైతే ఇటు గట్టుకీ అటు గట్టుకీ పది మైళ్ళు, కారుకి 215. అక్కడి లాడ్జిలో ఎవరో రాలేదని గది దొరికింది. 1928లో కట్టి, 1932లో కాలిపోతే, 1937లో మళ్ళీ కట్టిన రాతి భవనం అది. నిరుడు, 2025 జూలైలో, కార్చిచ్చుకి అది మళ్ళీ బూడిదైంది. ఇంకేం రద్దు చేసుకుంటాం దాన్ని? దక్షిణపు గట్టు మీది లాడ్జీలకేమో పదమూడు నెలల ముందే తలుపులు తెరుస్తారు. పదమూడు నెలల తరువాత నా మోకాళ్ళు ఎలా ఉంటాయో ఎవడు చెప్పగలడు?

ఇప్పటి రూళ్ళన్నీ తప్పని అనను. జయాన్ లోయలోకి 2000 నుంచీ సీజనులో సొంత కార్లు రానివ్వడం లేదు, షటిల్ బస్సు ఎక్కాలి. ఎక్కితే ఏమైంది, హాయిగా ఉంది, అప్పట్లో ఆ లోయలో కారు పెట్టడానికి జాగా దొరక్క జనం చుట్టూ తిరిగేవాళ్ళు. యాంటిలోప్ కాన్యన్‌లోకి గైడు లేకుండా పంపకపోవడానికీ కారణం ఉంది. 1997 ఆగస్టులో ఎక్కడో దూరాన కురిసిన వాన ఆ సందులోకి వరదై వచ్చి 11 మంది యాత్రికుల్ని పొట్టన పెట్టుకుంది. దానికి నేనేం సణగను. జయాన్‌లోని ఏంజెల్స్ ల్యాండింగు కొండ ఎక్కడానికి 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పెట్టారు. మేమెలాగూ ఎక్కం, తగిలినా తగలకపోయినా ఒకటే. హార్స్‌షూ బెండ్ అనే నది వంపు దగ్గర ఇదివరకు ఇసకలో బండి ఆపి నడిచి పోయేవాళ్ళు, ఇప్పుడు నిలిపినందుకు 10 డాలర్లు. ఇస్తాం.

అసలు మంట వేరే చోట ఉంది. 2026 జనవరి ఒకటి నుంచి కొత్త ఆజ్ఞ. ఈ దేశంలో ఉండనివాళ్ళు, పదహారేళ్ళు దాటినవాళ్ళు, పేరున్న 11 పార్కుల్లో ఏడాది పాసు లేకపోతే మామూలు రుసుముకి పైన తలకి 100 డాలర్లు కట్టాలి. మేం వెళ్ళే జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. ఏ పాసూ లేకుండా ఇద్దరికి మూడుచోట్ల అంటే 600. అలా కాకుండా ఏడాది పాసు తీసుకుంటే వాళ్ళకి 250. అదే పాసు మాకైతే 80. నా జేబులో ఉన్నదేమో ముసలివాళ్ళకిచ్చే జీవితకాలపు పాసు, 2017 ఆగస్టులో 80కి పెంచకముందు 10 డాలర్లకి కొన్నది. బావకి ఈ సంగతి చెబితే ఫోనులో కాసేపు నిశ్శబ్దం. “పదేండ్లు ఈడ టాక్స్ కట్టిన బావా. గా కొండలకు రంగేసింది నా పైసలతోటే” అన్నాడు. ఒకప్పుడు 8 డాలర్లు జేబులో పెట్టుకుని ఈ దేశంలో దిగిన తరం. ఇప్పుడు మన రిజర్వు బ్యాంకు మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు బయటికి పంపుకోనిస్తోంది, వీసా కోసం మద్రాసు రైలెక్కక్కర్లేదు, నానక్‌రామ్‌గూడ వెళితే చాలు. ఇండియా గేట్లు తెరిచింది. కొండ దగ్గర గేటు వేశారు.

ఇక టైము. అరిజోనా రాష్ట్రం గడియారాన్ని వేసవిలో ముందుకి జరపదు. అందులోనే ఉన్న నవాహోల నేల జరుపుతుంది. ఆ నేల మధ్యలో ఉన్న హోపీల నేల మళ్ళీ జరపదు. అక్టోబరులో మాన్యుమెంట్ వ్యాలీ నుంచి పేజీ ఊరికి వస్తే ఒక గంట కలిసొస్తుంది. గైడు పదింటికన్నాడంటే ఏ పది? అమ్మాయి షీటులో దీనికోసం రెండు టైములు రెండు రంగుల్లో పెట్టింది. 1978లోనూ ఈ తికమక ఉంది. మాకు తెలియనే తెలియదు. మాకోసం ఎవడూ కాచుక్కూర్చోలేదు కాబట్టి తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ఖర్చుల లెక్క కూడా అంతే. అప్పట్లో కాఫీ పొడి డబ్బా ఒకటి. రెండు కాపురాలూ సమానంగా నోట్లు వేసేవాళ్ళం, అయిపోతే మళ్ళీ వేసేవాళ్ళం, చివర మిగిలినదాంతో దార్లో ఐస్‌క్రీమ్ తినేశాం. ఎవరు ఎక్కువ తిన్నారో ఆ డబ్బాకి తెలియదు. ఇప్పుడు స్ప్లిట్‌వైజ్ అని ఖర్చులు పంచే యాప్ అట. బయల్దేరకముందే నాకు సందేశం వచ్చింది, బావకి నేను 3 డాలర్ల 42 సెంట్లు బాకీ అని. దేనికని అడిగితే ఎవరికీ తెలియదు. అద్దె కారు దగ్గరా ఇదే తంతు. చాలా కంపెనీల్లో భార్యో భర్తో నడిపితే అదనంగా తీసుకోరు, స్నేహితుడు నడిపితే రోజుకింతని తీసుకుంటారు. బావ హనుమకొండలో ఆర్‌టీవో దగ్గర ఏడాదికి పనికొచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని కూర్చున్నాడు. పిల్లలంతా కలిసి వాట్సాప్‌లో పోల్ పెట్టి ఆయన నడపకూడదని తేల్చారు. ఆ గ్రూపులో ప్రయాణం చేసేవాళ్ళం నలుగురం, ఓటేసేవాళ్ళు తొమ్మిదిమంది.

ఇంత షీటులో అసలు రాయాల్సినవి లేవు. రెండు జంటలు ఒకే కారులో పది గంటలు కూర్చోవాలంటే తెలియాల్సిన సంగతులు వేరే ఉంటాయి. బావకి పన్నెండు దాటితే ఆకలి, ఆకలేస్తే మాటలు ఆగిపోతాయి, ఆయన మౌనంగా ఉన్నాడంటే ప్రకృతిని చూసి పరవశిస్తున్నాడని అనుకోకూడదు. మా ఆవిడకి ఫోటోకి నిలబడమంటే గంట పడుతుంది. అప్పుడు కోడాక్రోమ్ రీలులో 36 బొమ్మలే కాబట్టి బతికాం, ఇప్పుడు ఆ అడ్డూ లేదు. చెల్లెమ్మకి కారు ఏసీ పడదు, నాకు కిటికీ గాలి పడదు. నేను పొద్దున్నే అయిదింటికి లేచి అందర్నీ లేపుతాను, ఇది నా గొప్పే అనుకుంటున్నాను, వాళ్ళు అనుకోరు. సాల్ట్ లేక్ వైపు పోదామా, ఇంటి దారి పడదామా అని యూటాలో సలైనా దగ్గర మాకు పెద్ద గొడవయింది. అక్కణ్ణించి గ్రీన్ రివర్ దాకా 110 మైళ్ళు బంకూ లేదు, కొట్టూ లేదు, ఊరూ లేదు. ఆ 110 మైళ్ళూ నలుగురం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. గ్రీన్ రివర్‌లో పుచ్చకాయలు అమ్ముతుంటే బావ దిగి ఒకటి కొనుక్కొచ్చి, నన్నడక్కుండా మొదటి ముక్క నా చేతిలో పెట్టాడు. దీన్ని ఏ గడిలో రాస్తుంది అమ్మాయి?

మొన్న ఆదివారం అమ్మాయికి ఫోన్ చేసి, నేనూ బావా ఇద్దరం ఒక్క మాట మీద నిలబడ్డాం. మధ్యలో ఒక్క రోజు వదిలెయ్యి తల్లీ, గది వద్దు, టికెట్టు వద్దు, ఎటు పోతామో మాకు తెలియనక్కర్లేదు అన్నాం. “మరి రాత్రికి?” అంది. బావ గొంతు సవరించుకున్నాడు. ఏం చెబుతాడో నాకు తెలుసు, అమ్మాయికీ తెలుసు, అందుకే వాడు నోరు తెరవకముందే ఒప్పుకుంది. అయిదో రోజు ఖాళీ చేసింది. పావుగంటలో మా ఆవిడ ఆ గడిలో బట్టలు ఉతుక్కోవడం అని రాయించింది. చెల్లెమ్మ విశ్రాంతి అంది. మా అల్లుడు దగ్గర్లో ఏదో మంచి రెస్టారెంటు ఉందని లింకు పంపాడు. నేనూ బావా గట్టిగా కూర్చుని అన్నీ తీయించేశాం. రాత్రి షీటు తెరిచి చూస్తే ఆ గడి అంతా చిక్కటి పసుపు రంగు. ఇదేంటమ్మా మళ్ళీ అంటే, “ఖాళీ అని అందరికీ తెలియాలి కదా మామయ్యా, లేకపోతే ఎవరో ఒకరు బుక్ చేసేస్తారు” అంది.